రాజీనామా ఇచ్చే ముందు ఒక చిన్న గేమ్ పూర్తి చెయ్యి

ప్రశ్న:

అన్నా, నమస్తే. నా వయసు 24. మాది రాజమండ్రి. రెండేళ్లుగా హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో సపోర్టు ఉద్యోగం చేస్తున్నాను, చేతికి 32 వేలు వస్తాయి. చిన్నప్పటి నుంచి వీడియో గేములంటే ప్రాణం. ఈ మధ్య గేమ్ స్టూడియోలకు మనుషుల్ని పెట్టే ఒక కంపెనీ నుంచి టెస్టర్‌గా ఆఫర్ వచ్చింది. ఏడాది కాంట్రాక్టు, జీతం 22 వేలు. నాన్నగారు ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఫోన్లో ఈ మాట చెబితే "పాతికేళ్లు వస్తున్నాయి, ఇంకా ఆటలేంట్రా?" అన్నారు. ఆన్‌లైన్ గేములాడి అప్పులపాలైన వాళ్ల వార్తలు పేపర్లో చదివి నేనూ అందులో పడ్డాననుకుంటున్నారు. ఇంకోపక్క గేమ్ కంపెనీలు వేలమందిని తీసేస్తున్నాయని వింటున్నాను. నాకూ ఒక అనుమానం పట్టుకుంది. ఈ మధ్య ఏ గేమ్ తెరిచినా కొట్లోకి అడుగుపెట్టినట్టే ఉంటోంది. డబ్బు పెట్టి కొన్న గేమ్ కూడా వాళ్లు సర్వర్ ఆపేస్తే పోతోంది. ఇలాంటిదాని మీద ఇంత ఇష్టం పెంచుకుని తప్పు చేశానా? ఉద్యోగం మానేసి అటు వెళ్లమంటారా?

– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

సమాధానం:

తమ్ముడూ,

అడిగినదానికి ముందు సూటిగా చెప్పేస్తాను. ఈ నెలలో రాజీనామా ఇవ్వకు. ఈ ఆఫర్ చేజారితే ఇక జీవితంలో రాదేమోనన్న టెన్షన్ కూడా పెట్టుకోకు. నేను రెండేళ్లు టెస్టర్‌గా చేశాను. ఒక ప్రాజెక్టు ముగింపుకొచ్చినప్పుడల్లా ఈ కాంట్రాక్టు ఉద్యోగాలు పడుతూనే ఉంటాయి. నీకు ఇప్పుడు కావలసింది మూడు నెలల సమయం. ఆ మూడు నెలల్లో ఏం చెయ్యాలో కింద రాస్తాను.

ఎందుకు ఆగమంటున్నానంటే, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీకు గేములు ఆడడం ఎంత ఇష్టమో ప్రతి వాక్యంలోనూ తెలుస్తోంది. గేములు తయారు చేసే పని ఇష్టమో కాదో మాత్రం ఎక్కడా తెలియలేదు. అది నీకూ ఇంకా తెలియదని నా అనుమానం. సినిమా పిచ్చి ఉన్నవాళ్లందరికీ ఎడిటింగ్ గదిలో పన్నెండు గంటలు కూర్చోవడం నచ్చదు కదా. ఇదీ అంతే.

అయితే ఆడడం వల్ల నీకేమీ రాలేదని అనుకోకు. నా సంగతే చెబుతాను. మాది తెనాలి. 1995 ప్రాంతంలో మా వీధి చివర ఒకాయన ముందు గదిలో టీవీ పెట్టి, గంటకు అయిదు రూపాయలకు వీడియో గేమ్ ఆడనిచ్చేవాడు. అక్కడే మొదటిసారి మారియో ఆడాను. ఎలా ఆడాలో చెప్పేవాళ్లు లేరు. తెర మీద ఇంగ్లీషు వచ్చినా చదివే వయసు కాదు. అయినా అరగంటలో ఆట వచ్చేసింది. ఎలా వచ్చిందో ఇరవై ఏళ్ల తర్వాతగానీ అర్థం కాలేదు.

నువ్వు మళ్లీ ఒకసారి ఆ మొదటి లెవెల్ తెరిచి చూడు. మారియో ఎడమ చివర నిలబడి కుడివైపు చూస్తుంటాడు. ముందంతా ఖాళీ. అంటే అటు నడవమని. నాలుగడుగులు వేశాక ప్రశ్నార్థకం గుర్తున్న పెట్టె ఒకటి మెరుస్తూ పైన కనపడుతుంది. అదే సమయానికి ఎదురుగా పుట్టగొడుగులాంటి శత్రువు నడిచొస్తుంది. తగిలితే చస్తావు, కానీ చచ్చినా పోయేది అయిదు సెకన్లే. కాబట్టి రెండోసారి ఎగురుతావు. ఎగిరితే దాని నెత్తిమీదయినా పడతావు, లేదా పైనున్న పెట్టెకు తల తగులుతుంది. ఆ పక్కనే ఇటుకల మధ్యనున్న అలాంటి పెట్టెను కొడితే మంచి పుట్టగొడుగు బయటికొస్తుంది. చూడ్డానికి అదీ శత్రువులాగే ఉంటుంది కాబట్టి పిల్లవాడు భయపడి తప్పించుకోబోతాడు. కానీ అది కుడివైపుకెళ్లి అక్కడున్న పైపుకు కొట్టుకుని వెనక్కి నీవైపే వస్తుంది. పైన ఇటుకలున్నాయి కాబట్టి ఎగిరినా తల తగిలి దాని మీదే పడతావు. పడ్డాక మారియో పెద్దవాడవుతాడు. ఓహో, ఇది మంచిదన్నమాట! ఒక్క మాట లేకుండా ఇంత పాఠం. ఈ ఆట తయారు చేసిన షిగెరు మియామోటో, ఆయన బృందం 1985లో ఇదంతా కావాలనే అలా పేర్చారు. అంత ఆటా పట్టిన జాగా 40 కిలోబైట్లు. జాగా చాలక మేఘానికీ కింద పొదకూ ఒకటే బొమ్మ వాడి రంగు మార్చారు. ఈరోజు మన ఫోన్లో తీసే ఒక్క ఫొటో దానికి యాభై రెట్లుంటుంది.

నువ్వు ఇన్నేళ్లుగా వందల గేములు ఆడి ఉంటావు. ఇలాంటివి నీ చేతికి తెలుసు. ఒక గేమ్‌లో గెంతడం బాగుందో లేదో రెండు నిమిషాల్లో చెప్పేస్తావు. ఎందుకు బాగుందో చెప్పమంటే మాత్రం తడబడతావు. టెస్టర్ పనికైనా, డిజైనర్ పనికైనా చేతికి తెలిసింది నోటికి రావాలి. ఈ మూడు నెలల్లో నువ్వు సాధించాల్సింది అదే.

ఇక టెస్టర్ ఉద్యోగం అసలు ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే బయటివాళ్లు "రోజంతా గేములాడితే జీతమిస్తారట" అనుకుంటారు. నాకు మొదటి నెలలో ఒక కోట ఇచ్చారు. అంటే గేమ్‌లో ఒక కోట లెవెల్. నా పని ఏమిటంటే ఆ కోటలో ఉన్న ప్రతి గోడకూ ఆనుకుని నడవడం, రెండడుగులకోసారి ఎగరడం, ప్రతి మూలలోనూ దూరి చూడడం. ఎక్కడైనా మనిషి గోడలోకి దిగబడుతున్నాడా, నేలలోంచి కిందికి జారిపోతున్నాడా చూడాలి. మూడు రోజులు అదే గోడ, అదే నేపథ్య సంగీతం. మూడో రోజు సాయంత్రం ఒక మెట్ల వరసలో నాలుగో మెట్టుకూ అయిదో మెట్టుకూ మధ్య వంగి పక్కకు దొర్లితే, మనిషి నేలలోంచి జారి శూన్యంలో పడిపోయాడు. నాకు ఎంత సంతోషమేసిందో! కానీ అసలు పని అప్పుడే మొదలైంది. అది మళ్లీ జరగాలి. పదిసార్లు చేస్తే మూడుసార్లే పడ్డాడు. ఏ బిల్డ్ (అంటే తయారవుతున్న గేమ్‌లో ఎన్నో ప్రతి), ఏ మిషన్, చేతిలో ఏ ఆయుధం, కెమెరా ఎటు తిరిగి ఉంది, ఏ వరసలో ఏ బటన్ నొక్కాను, ఇదంతా మరో దేశంలో కూర్చున్న ప్రోగ్రామర్ చదివి మొదటిసారే పడగొట్టగలిగేలా రాయాలి. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు గంటన్నర పట్టింది. వారం తర్వాత కొత్త బిల్డ్‌లో దాన్ని సరిచేశామని చెప్పారు. నేను మళ్లీ ఆ మెట్ల దగ్గరికెళ్లి వందసార్లు దొర్లాను.

ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం గురించి చదివి నీ ఒళ్లు పులకరిస్తే, నువ్వు టెస్టింగ్‌కు పనికొస్తావు. "మూడు రోజులు ఒకే గోడా!" అనిపిస్తే ఆ ఉద్యోగం నిన్ను ఆరు నెలల్లో విసిగించేస్తుంది, పైగా ఆడడం మీద ఉన్న ఇష్టాన్ని కూడా లాగేసుకుంటుంది. నాతో చేరినవాళ్లలో ఇద్దరికి అలాగే జరిగింది. ఇంటికెళ్లాక గేమ్ ముట్టుకోవడం మానేశారు.

నా కాంట్రాక్టు ఎలా ముగిసిందో కూడా చెప్పాలి. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా పన్నెండుమందిని ఒక గదిలోకి పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదన్నారు. మేం చేసిన గేమ్ బాగా అమ్ముడైంది. దాని చివర వచ్చే పేర్లలో మా పేర్లు లేవు. నాకు ఇప్పటికీ గుచ్చుకునేది ఉద్యోగం పోవడం కాదు, ఆ పేరు లేకపోవడం.

నువ్వు చదివిన వార్తలు నిజమే. 2023లో ప్రపంచమంతటా గేమ్ కంపెనీల్లో పదివేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి, 2024లో అంతకన్నా ఎక్కువ. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. కోవిడ్ లాక్‌డౌన్‌లో జనమంతా ఇళ్లలో కూర్చుని ఆడారు. ఆ గిరాకీ ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుని కంపెనీలు ఎడాపెడా మనుషుల్ని తీసుకున్నాయి, ఒకదాన్నొకటి కొనుక్కున్నాయి. జనం మళ్లీ బయటికొచ్చారు, వడ్డీ రేట్లు పెరిగాయి. ఇంకోపక్క పెద్ద గేమ్ తయారీ ఖర్చు ఆకాశానికంటింది. 2020లో వచ్చిన 'ది లాస్ట్ ఆఫ్ అస్' రెండో భాగానికి సుమారు 22 కోట్ల డాలర్లయిందని అమెరికా కోర్టుకిచ్చిన కాగితాల్లో బయటపడింది. అంత డబ్బు పెట్టినవాడు ఒక్క గేమ్ తేడా వస్తే తట్టుకోలేడు. సోనీ వాళ్ల 'కాంకర్డ్' 2024 ఆగస్టు 23న విడుదలై, రెండు వారాలకే సెప్టెంబరు 6న ఆగిపోయింది. అక్టోబరులో ఆ స్టూడియోనే మూసేశారు. ఏళ్ల తరబడి అందులో పనిచేసినవాళ్లున్నారు.

పోనీ బాగా చేస్తే ఉద్యోగం నిలుస్తుందా అంటే అదీ లేదు. టోక్యోలో టాంగో గేమ్‌వర్క్స్ అనే స్టూడియో 2023 జనవరిలో 'హైఫై రష్' అనే గేమ్ తెచ్చింది. పాట తాళానికి తగ్గట్టు కొట్లాట సాగే ఆట అది. ఆడినవాళ్లందరూ మెచ్చుకున్నారు, నేనయితే మూడుసార్లు పూర్తి చేశాను. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియోను మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఆ తర్వాత ఆగస్టులో క్రాఫ్టన్ వాళ్లు, అదే మనవాళ్లంతా ఆడిన పబ్జీ కంపెనీ, ఆ బృందాన్ని చేరదీశారు. మైక్రోసాఫ్ట్ అంతకు ముందే 2023 అక్టోబరులో యాక్టివిజన్ బ్లిజార్డ్ అనే గేమ్ కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. నాలుగు నెలలు తిరక్కుండా తన గేమ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. నా పరిస్థితీ చిన్న ఎత్తున ఇదే. కాబట్టి ఈ రంగంలో నీ పనితనం ఒక లెక్క, నీ ఉద్యోగం మరో లెక్క. ఈ రెండూ కలిసే నడుస్తాయన్న నమ్మకంతో మాత్రం వెళ్లకు.

కొట్టులా ఉందన్నావే, ఆ మాట నాకు బాగా నచ్చింది. ఇది ఎప్పుడు మొదలైందో చెబుతాను. 2006లో 'ఆబ్లివియన్' అనే గేమ్‌లో గుర్రానికి తొడిగే కవచం రెండున్నర డాలర్లకు విడిగా అమ్మారు. అప్పట్లో ఆడేవాళ్లు బాగా తిట్టారు. తిడుతూనే కొన్నారు కూడా. తర్వాత ఫోన్లొచ్చాయి, ఉచిత గేములొచ్చాయి. ఉచితంగా ఇచ్చే గేమ్‌కు డబ్బెలా వస్తుంది? వందమంది ఆడితే కొద్దిమందే కొంటారు. ఆ కొద్దిమంది మళ్లీ మళ్లీ కొనాలి. అందుకని రోజూ లాగిన్ బహుమతి, ఇరవై నాలుగు గంటల్లో పోయే ఆఫర్, లోపల ఏముందో తెలియని పెట్టె. ఆ పెట్టెలు జూదమేనని బెల్జియం 2018లోనే తేల్చేసింది. నీకు విసుగొచ్చింది గేముల మీద కాదు, ఈ అమ్మకపు పద్ధతి మీద. ఆ తేడా గమనించు. నువ్వు కొన్న గేమ్ సర్వర్‌తో పాటు పోవడమూ అందులో భాగమే. యుబిసాఫ్ట్ అనే గేమ్ కంపెనీ 2024 మార్చి 31న 'ది క్రూ' అనే కార్ల గేమ్ సర్వర్లు ఆపేస్తే, డబ్బు పెట్టి కొన్నవాళ్లకు ఒంటరిగా ఆడుకునే దారి కూడా లేకుండా పోయింది. దాని మీద యూరప్‌లో ఆటగాళ్లు కలిసి పోరాటం మొదలుపెట్టి, 2025 జులై కల్లా పది లక్షల సంతకాలు దాటించారు. ఇష్టం లేనివాళ్లెవరూ అంత దూరం వెళ్లరు. ఇష్టం పెంచుకోవడం తప్పు కాదని ఇంతకన్నా ఎలా చెప్పను?

నాన్నగారి సంగతికి వద్దాం. ఆయన భయం వేరే దాని గురించి, కానీ ఊరికే పుట్టిన భయం కాదు. రమ్మీ యాప్‌లలో, బెట్టింగ్ యాప్‌లలో డబ్బు పోగొట్టుకుని అప్పులపాలైన కుటుంబాలు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చింది. ఆ చట్టంలోనే డబ్బు కాసే ఆటలు వేరు, పోటీలుగా ఆడే ఈ-స్పోర్ట్స్ వేరు, సరదాకు ఆడే ఆటలు వేరు అని విడదీశారు. పేపర్లో మాత్రం అన్నిటికీ "ఆన్‌లైన్ గేమ్" అనే ఒకటే పేరు. ఆయన ఆ హెడ్డింగే కదా చూస్తారు! ఇది ఫోన్లో వాదించి తేల్చే విషయం కాదు. ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, నువ్వు ఆడే గేమ్ ఒకటి చూపించు. ఇందులో ఎక్కడా పందెం లేదు, గెలిస్తే డబ్బు రాదు, ఓడితే పోదు అని కళ్లారా చూడనీ. తర్వాత గేములు తయారు చేసే పెద్ద కంపెనీల ఆఫీసులు హైదరాబాద్‌లోనే ఉన్నాయని చెప్పు. ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్) అనే పెద్ద గేమ్ కంపెనీకి ఇక్కడ పెద్ద ఆఫీసుంది, యుబిసాఫ్ట్ 2018లో ముంబయిలో స్టూడియో తెరిచింది. గేమ్ తయారీదారుల జాతీయ సదస్సు 2024 దాకా కొన్నేళ్లు హైదరాబాద్‌లోనే జరిగింది.

ఇప్పుడు మూడు నెలల పని. ఒక గేమ్ తయారు చెయ్యి. చిన్నది, పది నిమిషాల్లో అయిపోయేది. కానీ పూర్తిగా అవ్వాలి. మొదలు, చివర, ఓడిపోతే మళ్లీ మొదలుపెట్టే బటన్, శబ్దాలు, అన్నీ ఉండాలి. సగంలో ఆగిన గొప్ప గేములు మన హార్డ్ డిస్కుల్లో బోలెడుంటాయి. వాటితో నీ గురించి నీకేమీ తెలియదు.

దీనికొక కథ చెప్పాలి. నువ్వు 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' పేరు వినే ఉంటావు. మా తరం దాన్ని కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో, సార్ బయటికెళ్లినప్పుడు ఆడింది. జోర్డాన్ మెక్నర్ అనే ఆయన కాలేజీ అయిన కొత్తలో మొదలుపెట్టి 1989లో విడుదల చేశాడు. మనిషి నిజంగా పరిగెత్తినట్టు ఉండాలని, తన తమ్ముడికి తెల్లబట్టలు తొడిగి, గెంతిస్తూ పరిగెత్తిస్తూ వీడియో తీశాడు. ఆ వీడియోను ఒక్కో ఫ్రేమూ చూస్తూ బొమ్మలు గీశాడు. ఆ రాజకుమారుడు అంచు పట్టుకుని వేలాడి పైకెక్కుతాడే, ఆ బరువంతా ఆ కుర్రాడి ఒంటిదే. ఆటలో సంగీతం మెక్నర్ వాళ్ల నాన్నది. ఇక చోటు అయిపోయింది, శత్రువును పెట్టడానికి కంప్యూటర్ మెమరీలో జాగా లేదు. శత్రువు లేక ఆట చప్పగా ఉందని పక్కనున్న స్నేహితురాలు పోరుతోంది. అప్పుడు తట్టింది. రాజకుమారుడి బొమ్మలనే కొద్దిగా మార్చి మెరిసే నీడలా చూపిస్తే కొత్త జాగా అక్కర్లేదు. అలా పుట్టాడు నీడ మనిషి. నాలుగో లెవెల్లో అద్దంలోంచి దూకితే నీలోంచి విడిపోయి వెళ్లిపోతాడు. చివర్లో ఎదురుపడతాడు. కత్తితో వాణ్ణి పొడిస్తే నీ ప్రాణమే తగ్గుతుంది. కత్తి ఒరలో పెట్టి ఎదురెళితే నీలో కలిసిపోతాడు. పదిహేనేళ్ల వయసులో అది చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. చోటు చాలకపోవడంలోంచి అంత గొప్ప సంగతి పుట్టింది.

ఆ గేమ్ అసలు ప్రోగ్రామ్ పోయిందనే మెక్నర్ ఏళ్ల తరబడి అనుకున్నాడు. 2012లో వాళ్ల నాన్న ఇంట్లో ఒక అల్మారా వెనక పాత పెట్టె తీస్తే అందులో ఆ ఫ్లాపీలు దొరికాయి. ఆయన పారెయ్యలేదు. ఇప్పుడది ఎవరైనా చదువుకోవచ్చు.

ఇదంతా నీకెందుకు చెబుతున్నానంటే, నీ ఇంట్లో కూడా ఒక గేమ్ ఉంది. నీ ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పి వదిలేశావు. మీ నాన్నగారు కండక్టర్. రాజమండ్రి నుంచి అమలాపురం బస్సు అనుకో. వేమగిరి, కడియపులంక, జొన్నాడ, రావులపాలెం, కొత్తపేట. ఒక స్టేజీ నుంచి ఇంకో స్టేజీ వచ్చేలోపు ఎక్కినవాళ్లందరికీ టికెట్లు కొట్టాలి. జనంలోంచి వెనక్కి వెళ్లి రావాలి. ఒకావిడ పద్దెనిమిది రూపాయల టికెట్‌కు వంద కాగితం ఇస్తుంది. సంచిలో చిల్లర లేదు. టికెట్ వెనక బాకీ రాసిస్తాడు. ఆవిడ దిగేలోపు అంత చిల్లర కూడబెట్టాలి, ఎవరెవరికి ఎంతివ్వాలో గుర్తుండాలి. మధ్యలో చెకింగ్ వాళ్లు ఎక్కొచ్చు. ఒక్కడు టికెట్ లేకుండా దొరికితే ఈయన ఉద్యోగానికే చిక్కు. సమయం ఉంది, ఒత్తిడి ఉంది, జ్ఞాపకం ఉంది, ఎవరికి ముందు ఇవ్వాలన్న ఎంపిక ఉంది. గేమ్‌కు ఇంకేం కావాలి? 2013లో లూకస్ పోప్ అనే ఆయన దాదాపు ఒంటరిగా 'పేపర్స్, ప్లీజ్' అనే గేమ్ చేశాడు. సరిహద్దులో కూర్చుని పాస్‌పోర్టులు చూసి ముద్ర కొట్టే గుమాస్తా పని, అంతే. ప్రపంచమంతా ఆడింది.

నీ గేమ్‌కు ఒక్క తెర చాలు. పక్కనుంచి కనిపించే బస్సు, పదిమంది ప్రయాణికులు, అయిదు స్టేజీలు, చేతిలో కొంత చిల్లర. బొమ్మలు బాగా రాకపోతే గళ్లు, చుక్కలు పెట్టు. గేములు తయారు చెయ్యడానికి గొడోట్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. ఉచితం, ఎవరూ తర్వాత వచ్చి డబ్బు కట్టమనరు. ఈ మాట ఊరికే అనడం లేదు. 2023లో అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఇచ్చే యూనిటీ వాళ్లు ఉన్నట్టుండి ఒక్కో ఇన్‌స్టాలుకు ఇంత అని రుసుము ప్రకటించి చిన్న తయారీదారుల గుండెల్లో రాయి వేశారు, ఏడాది తర్వాతగానీ వెనక్కి తీసుకోలేదు. వారానికి మూడు సాయంత్రాలు, ఆదివారం పూట. మొదటి రెండు వారాలు నేర్చుకోవడానికే పోతాయి, కంగారుపడకు. అయ్యాక ఇచ్.ఐవో అనే సైట్లో ఉచితంగా పెట్టెయ్యి. గేములు అమ్మే స్టీమ్ అనే సైట్లో పెట్టి డబ్బు సంపాదించాలని ఇప్పుడే అనుకోవద్దు. 2024 ఒక్క ఏడాదిలోనే అక్కడ 18 వేలకు పైగా గేములొచ్చాయి. 'స్టార్‌డ్యూ వ్యాలీ' అనే గేమ్‌ను ఎరిక్ బరోన్ అనే ఆయన ఒక్కడే కూర్చుని నాలుగున్నరేళ్లు చేశాడని అందరూ చెబుతారు. ఆ నాలుగున్నరేళ్లు ఆయన థియేటర్లో జనానికి సీట్లు చూపించే చిన్న ఉద్యోగం చేశాడనీ, ఇల్లు నడవడానికి ఆయన సహచరి కూడా పనిచేసిందనీ చెప్పేవాళ్లు తక్కువ.

గేమ్ అయ్యేసరికి నీకు ఒక సంగతి తేలిపోతుంది. చిల్లర తగ్గిస్తే ఆట ఎలా బిగుసుకుంటుందో చూస్తూ రాత్రి రెండయినా గమనించకపోతే నువ్వు తయారు చేసేవాడివి. అప్పుడు టెస్టర్ ఉద్యోగం నీకు ఒక మెట్టు. లోపలికెళ్లాక డిజైనర్ల పక్కన కూర్చుని నేర్చుకో. తయారీ కంటే అందులో తప్పులు వెతకడమే నీకు ఎక్కువ నచ్చితే టెస్టింగే నీ వృత్తి, గౌరవమైన వృత్తి. ఈ రెండూ కాక, ఎప్పుడయిపోతుందా, హాయిగా వేరేవాళ్ల గేమ్ ఆడుకుందామా అనిపిస్తే, ఇప్పుడున్న ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మనసారా ఆడుకో. నేను ఇప్పుడు చేస్తున్నది అదే. నా పని వేరే రంగంలో. రాత్రి పదకొండింటికి పిల్లలు పడుకున్నాక గంటసేపు ఆడతాను. ఆ గంట నాకు పూజలాంటిది.

ఒకవేళ అటువైపే వెళితే, సంతకం పెట్టే ముందు కొన్ని అడుగు. కాంట్రాక్టు మధ్యలో తీసేస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు. పీఎఫ్ ఎవరు కడతారు, స్టూడియోనా, మనుషుల్ని పెట్టే కంపెనీనా. విడుదల ముందు రాత్రిళ్లు ఉండాల్సి వస్తే దానికి డబ్బిస్తారా. గేమ్ చివర నీ పేరు వేస్తారా. ఇంతకుముందు టెస్టర్లుగా చేరినవాళ్లలో ఎవరైనా స్టూడియో ఉద్యోగంలోకి మారారా. చివరి ప్రశ్నకు వాళ్లు తడుముకుంటే, అదే నీకు జవాబు. జీతంలో నెలకు పదివేలు తగ్గుతున్నాయి కాబట్టి, ఇప్పటి నుంచే ఆ పదివేలూ పక్కన పెడుతూ 22 వేలతో బతికి చూడు. కూకట్‌పల్లి హాస్టల్ ఫీజు, ఇంటికి పంపేది, అన్నీ అందులోనే. మూడు నెలలకు ముప్పై వేలు చేతిలో ఉంటాయి. నన్ను ఆ శుక్రవారం పంపించేసినప్పుడు నా దగ్గర నాలుగు వేలే ఉన్నాయి.

ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చెయ్యి. ఉద్యోగం మాట ఎత్తకు. "నాన్నా, చిల్లర లేనప్పుడు ఎవరికి ముందు ఇచ్చేవారు?" అని అడుగు. ఆయన చెబుతుంటే కాగితం మీద రాసుకో. టికెట్లు కొట్టే టిమ్ మిషన్లు రాకముందు టికెట్ల కట్టలు ఎలా పట్టుకునేవారు, టికెట్ల లెక్క చూపే ఎస్సార్ ఎప్పుడు రాసేవారు, పుష్కరాల రద్దీలో ఎలా నెట్టుకొచ్చారు, అన్నీ అడుగు. గేమ్ మొదటిసారి నడిచిన రోజున ఊరెళ్లి ఆయన చేతికే ఇవ్వు. రావులపాలెంలో అంతమంది దిగరు, అక్కడ ఎక్కుతారు అని ఆయన తప్పు పట్టిన చోటల్లా రాసుకుని, నాకూ పంపు.